దుత్త ఏం చేసింది?

ఏమ్మా, ఇప్పుడా రావడం? పదిన్నర దాటింది. గుమ్మం మీద కూర్చోకు, ఇలా అరుగు మీదకి రా. చెప్పులు విప్పు. మీ అమ్మ వేడినీళ్ళలో కల్లుప్పు వేసి తెస్తోంది, పాదాలు అందులో పెట్టుకుని కాసేపు ఊరికే ఉండు. నువ్వేమీ చెప్పక్కర్లేదు. నేను చెప్తాను, విను.

నిన్న రాత్రి కంచం తోసేశావు. కూరలో ఉప్పెక్కువైందన్నావు. పక్కవాటాలోనే ఉంటాను కదా, వినబడకుండా ఎలా ఉంటుంది? ఆ కూర మీ అమ్మ నాకూ ఒక గిన్నెలో పంపింది. పాలు పోసి వండిన బీరకాయ. ఉప్పు సరిగ్గానే ఉంది తల్లీ.

నీ కోపం కూర మీద కాదని నాకు తెలుసు. నిన్న పొద్దున్న జగన్నాథపురం వంతెన మీద ఆటో ఇరుక్కుపోయి పది నిమిషాలు ఆలస్యమైతే మీ షాపులో సగం రోజు జీతం కోసేశారు. మధ్యాహ్నం ఒక పెళ్ళివారు వచ్చి అరవై చీరలు విప్పించి, మళ్ళీ వస్తామని లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం ఫ్లోర్ ఇన్‌ఛార్జి అందరినీ నిలబెట్టి ఎవరి టార్గెట్ ఎంతో చదివాడు, నీ పేరు ఆఖర్న వచ్చింది. ఇంత కోపం వంతెన దాటుకుని ఇంటికొచ్చి బీరకాయ కూర మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. దుత్తంటే కుండే కదా, పాపం ఆ దుత్త ఏం చేసింది?

ఇంకో సంగతి. మొన్న నీ వీక్ ఆఫ్ రోజున స్నేహితురాళ్ళతో భానుగుడి వైపు వేరే షాపుకి వెళ్ళావు చూడు. బిల్లు దగ్గర సంచీకి పదిహేను రూపాయలు వేశారని ఆ కౌంటర్ పిల్లని అంత మాట అన్నావని నువ్వే వచ్చి చెప్పావు. గెలిచినట్టు చెప్పావు. ఆ పిల్ల మెడలో బ్యాడ్జీ ఉంది చూశావా? నీ మెడలో ఉన్నదాని లాంటిదే. తాళ్ళరేవు నుంచో, కరప నుంచో, పిఠాపురం నుంచో వచ్చి ఉంటుంది. సంచీ ధర పెట్టింది ఆ పిల్ల కాదు. రాత్రి ఇంటికెళ్ళి వాళ్ళమ్మ పెట్టిన కంచం తోసేసి ఉంటుంది. అక్కడా ఒక దుత్త. నువ్వు ఆరు రోజులు కౌంటర్‌కి లోపల నిలబడి పడే బాధ, ఏడో రోజు కౌంటర్‌కి బయట నిలబడి ఇంకో పిల్లకి పెడితే ఎలాగమ్మా?

నీకు చెప్పే అర్హత నాకుంది. ముప్పై నాలుగేళ్ళు మన కాకినాడ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు గుమాస్తాగా చేశాను. అప్పట్లో కొట్లో పరుపు ఉండేది, దాని మీద తెల్ల దుప్పటి. మేమూ చెప్పులు విప్పి పరుపెక్కి కూర్చునేవాళ్ళం, కొనడానికొచ్చిన వాళ్ళూ ఎదురుగా కూర్చునేవారు. నీళ్ళ గ్లాసు ఇచ్చి, పిల్ల ఏం చదువుతోందమ్మా అని అడిగి, అప్పుడు చీర తీసేవాళ్ళం. కాళ్ళు నొప్పులనే మాట మాకు తెలియదు, నడుం నొప్పి ఉండేది.

అలాగని అదేదో స్వర్గమని అనను. అది అబద్ధం అవుతుంది. సంక్రాంతి నెలంతా అర్ధరాత్రి దాకా అమ్మేవాళ్ళం. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. నా పక్కన కూర్చుని పాతికేళ్ళు చీరలు మడతపెట్టిన మనిషి క్షయ వచ్చి మంచమెక్కితే, షావుకారు ఒక నెల జీతం చేతిలో పెట్టి ఇంక రావద్దన్నాడు. అడగడానికి మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. ఆ లోటు ఏమిటో తెలుసు గనకే నీకు కాగితం గురించి ఇన్నిసార్లు చెప్తాను. చెప్పిందే చెప్తున్నానని విసుక్కోకు.

ముందు చీర గురించి ఒక మాట, ఆ తర్వాత కాగితం.

చీర విప్పడం క్షణం పని, మడత పెట్టడం అలా కాదు. పట్టుచీరైతే అంచుకి అంచు కలపాలి, జరీ నలగకుండా మధ్యలో కాగితం పెట్టాలి, చెంగు పైకి వచ్చేలా తిప్పాలి, జాకెట్టు ముక్క లోపలికి పోవాలి. బాగా చెయ్యి తిరిగిన వాళ్ళకి కూడా ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది. అరవై చీరలు విప్పి వెళ్ళిపోతే రెండు గంటల చాకిరీ. అదీ నిలబడి. మన పక్కనే ఉన్న ఉప్పాడకి వెళ్ళి చూడు, జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కో బుటా చేత్తో ఎక్కిస్తారు. ఒక చీరకి వారాలు పడతాయి, పనితనం ఎక్కువైతే నెలలు పడతాయి. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అలాంటి చీరని చూపుడువేలితో జరిపి, ఇది కాదు అది, అది కాదు ఇది అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. చెడ్డవాళ్ళు కాదు. తొందరలో ఉన్నవాళ్ళు. నువ్వూ అంతే, నీ మనసు మంచిదే, తొందరే నీ జబ్బు.

అందుకని నువ్వు కొనడానికి వెళ్ళినప్పుడు ముందు అనుకుని వెళ్ళు. ఎంతలో కావాలి, ఏ రంగు, ఎవరికి. ఇంట్లో పది నిమిషాలు ఆలోచిస్తే అక్కడ ఇరవై చీరలు విప్పించే పని తప్పుతుంది. నచ్చకపోతే నచ్చలేదని నవ్వుతూ చెప్పి రా. మళ్ళీ వస్తామని అబద్ధం చెప్పకు, ఆ పిల్ల నిజమనుకుని ఆ చీర పక్కన పెడుతుంది.

ఆషాఢం ఆఫర్లంటే ఎగబడకు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొట్లు ఖాళీగా ఉంటాయి, సరుకు కదలాలి, అందుకు పుట్టిన ఆఫర్లివి. శ్రావణం వచ్చేసరికి వరలక్ష్మీ వ్రతానికి ఎలాగూ కొంటావు. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయలకి చీర అని ప్రకటిస్తే ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. తొక్కిసలాటలో దెబ్బలు తగిలాయి, మెడలో గొలుసులు పోయాయి, డబ్బు పోయింది. పది రూపాయల చీర! దూరదేశంలో ఇంకా ఘోరం. 2008 నవంబరులో అమెరికాలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, పండగ అమ్మకాలకని తెల్లవారుజామున జనం ఒక పెద్ద షాపు తలుపులు విరగ్గొట్టుకుని లోపలికి పడ్డారు. తలుపు దగ్గర ఉన్న మనిషి ఆ కాళ్ళ కింద నలిగి చచ్చిపోయాడు. పండగ రోజులకని తాత్కాలికంగా పెట్టుకున్న పనివాడు. తొక్కినవాళ్ళు హంతకులు కాదమ్మా, టీవీ తక్కువకి వస్తుందని తొందరపడిన సంసారులు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఏ పండగ అమ్మకం చూసినా ఇప్పటికీ ఆ తలుపే గుర్తొస్తుంది.

సరే, కాళ్ళు తియ్యకు, నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి.

ఇప్పుడు కాగితం. కోపం రావడం తప్పని నేను అనను. రావాలి కూడా. పది నిమిషాలకి సగం రోజు కోస్తే ఎవరికి రాదు? కానీ దాన్ని దించాల్సిన చోట దించు. నెత్తి మీద బస్తా ఉందనుకో, గోడౌన్‌లో దించుతాం గానీ వంటింట్లో పడేస్తామా? కోపానికి కూడా ఒక గోడౌన్ ఉంది, అది కాగితం. నువ్వేమో రెండే పనులు చేస్తావు. నోరు మూసుకుని మింగుతావు, లేకపోతే ఇంటికొచ్చి కక్కుతావు. మధ్యలో మూడో దారి ఉంది, అడగడం. అడగందే అమ్మైనా పెట్టదు.

చేరినప్పుడు ఇచ్చిన అపాయింట్‌మెంట్ కాగితం ఎక్కడ పెట్టావు? ఇవ్వలేదా? అయితే అడిగి తీసుకో. జీతం చీటీ నెలనెలా తీసుకో. అందులో ఈఎస్‌ఐ అని 0.75 శాతం కోస్తారు. నీకు 12 వేలు అనుకుంటే 90 రూపాయలు. యజమాని 3.25 శాతం, అంటే ఇంకో 390 రూపాయలు నీ పేరున కట్టాలి. పదిమంది పనిచేసే చోట, 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకి ఇది ఉండాలి. ఆ 90 రూపాయలు కోశారని ఏడ్చావు చూడు ఆ రోజు, అది ఏడవాల్సింది కాదు. కోసి నీ పేరున కట్టకపోతే ఏడవాలి. కార్డు ఉంటే నీకూ మీ అమ్మకీ వైద్యం. జబ్బు చేసి మంచాన పడితే, కట్టిన రోజులు సరిపోతే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. నా పక్కన కూర్చున్న ఆ మనిషికి ఆ కార్డు ఉండి ఉంటే! అలాగే పీఎఫ్. 12 అంకెల నంబరు ఒకటి ఇస్తారు, ఇరవైమంది ఉన్న చోట అది ఉండాలి. ఆ నంబరు ఫోన్‌లో ఒక్కదాంట్లోనే పెట్టుకోకు, ఫోన్లు పోతాయి. మీ అమ్మ బీరువాలో ఒక కాగితం మీద రాసి పెట్టు.

నెలాఖరుకి స్టాక్ తగ్గిందని తలా ఐదు వందలు కోశారన్నావు. అలా అందరి జీతాల్లో పంచి కోయడానికి లేదమ్మా. నీకు అప్పగించిన సరుకు నీ అజాగ్రత్త వల్లే పోయిందని తేలాలి, అంతకు ముందు నీ మాట చెప్పుకునే వీలు నీకివ్వాలి. వారానికి 48 గంటలు దాటి చేయించుకుంటే ఆ పైన గంటలకి రెట్టింపు కట్టాలని 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల చట్టం చెబుతోంది. వారంలో ఒక రోజు సెలవు జీతం కోయకుండా ఇవ్వాలి. నువ్వొక చిన్న నోటుబుక్కు పెట్టుకో. రోజూ ఎన్నింటికి లోపలికి వెళ్ళావు, ఎన్నింటికి బయటికి వచ్చావు, అంతే రాయి. ఎవరికీ చూపించక్కర్లేదు. మూడు నెలలు రాశాక ఆ పుస్తకం నీకంటే బాగా మాట్లాడుతుంది. ముందు హెచ్‌ఆర్‌కి రాసివ్వు, నకలు ఉంచుకో. అక్కడ తేలకపోతే కార్మిక శాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ ఉండేది అందుకే. ఒక్కదానివే వెళ్ళకు, నలుగురు కలిసి వెళ్ళండి. ఒక్కరు అడిగితే పొగరంటారు, నలుగురు అడిగితే వింటారు.

నలుగురు అంటే ఏమవుతుందో చెప్తాను. కేరళలో కోళికోడ్ అని ఊరుంది. అక్కడ మిఠాయి తెరువు అనే బజారు వీధిలో, మన మెయిన్ రోడ్డు లాంటిదే, ఆడపిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మేవారు. కూర్చుంటే జరిమానా. మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు, పోవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవారు. విజి అని ఒక దర్జీ, ఆవిడా ఆ వీధిలోనే పనిచేసేది, అందరినీ పోగుచేసింది. ముందు మరుగుదొడ్డి అడిగారు, తర్వాత కుర్చీ అడిగారు. ఏళ్ళు పట్టింది. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి వసతి ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా రాసింది. వాళ్ళెవరూ ఏ ఫ్లోర్ ఇన్‌ఛార్జినీ కొట్టలేదు, ఏ కూరనీ తోసెయ్యలేదు. కుర్చీ కావాలన్నారు, అది వచ్చేదాకా అన్నారు. మీ షాపులో మీరూ అడగండి. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి అంతస్తుకి రెండు స్టూళ్ళు చాలు. కాళ్ళలో నరాలు ఉబ్బాక అడిగితే ఏం లాభం? నీకింకా ఇరవై మూడేళ్ళే.

నీళ్ళు మాత్రం మానకు. నువ్వు సీసా నింపుకెళ్ళి అలాగే వెనక్కి తెస్తున్నావని మీ అమ్మ చెప్పింది.

కొనేటప్పుడూ ఇదే మాట. కౌంటర్ పిల్ల మీద అరవకు, బిల్లు తీసుకో. ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి, అందుకని అక్కడే ఫొటో తీసుకో. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని గోడకి బోర్డు ఉన్నంత మాత్రాన లోపమున్న సరుకు నీ నెత్తిన ఉండిపోదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపల, రాసి లేకపోతే 30 రోజుల్లోపల లోపమున్న సరుకుని తిరిగి తీసుకోవాలి. తీసుకోకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. నువ్వు గొడవపడిన సంచీ సంగతీ అంతే. ముందు చెప్పకుండా బిల్లు దగ్గర సంచీకి డబ్బు వెయ్యడం తప్పని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. చూశావా, నీ మాటే న్యాయం. అన్న చోటే తప్పు. ఆ పిల్లతో అనడం కాదు, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాలి. అక్కడ తేలకపోతే కాకినాడలోనే జిల్లా కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు సరుకైతే రుసుం కూడా లేదు, రెండేళ్ళ లోపల వేస్తే చాలు. ఫోన్ నంబరు చెబితేనే బిల్లు వేస్తామంటే, చెప్పనని మెల్లిగా చెప్పు. బలవంతం చెయ్యకూడదని 2023లో ప్రభుత్వమే షాపులకి చెప్పింది. మెల్లిగా అన్నాను, గుర్తుంచుకో. నంబరు అడగమని ఆ పిల్లకి పైనుంచి చెప్పారు, పాపం తనకీ లెక్క ఉంటుంది ఎన్ని నంబర్లు రాబట్టిందని.

ఇంకొకటి. నిన్న కంచం తోస్తూ, రేపటి నుంచి పోను, మొహాన కొట్టి వచ్చేస్తానన్నావు. మా కొట్లో ఒకడు అలాగే చేశాడు. సంక్రాంతికి ఎనిమిది రోజుల ముందు ఏదో మాట వచ్చి, గజంబద్ద పరుపు మీద విసిరేసి దిగి వెళ్ళిపోయాడు. మంచి పనివాడు, రోషగాడు. పండగ బోనసు పోయింది, అప్పటిదాకా చేసిన రోజుల జీతం కోసం నెలల తరబడి తిరిగాడు. ఆ పండక్కి వాళ్ళావిడ చేతి గాజులు తాకట్టుకి వెళ్ళాయి. గజంబద్ద విసిరింది షావుకారు మీద, తగిలింది ఆవిడకి. మానెయ్యాలనుకుంటే మానెయ్యి, నేను వద్దనను. కానీ ఇంకో చోట చూసుకుని, కాగితం రాసిచ్చి, రావాల్సింది తీసుకుని, అనుభవం చీటీ పట్టుకుని మానెయ్యి. పెద్ద బోర్డు చూసి ఇదే శాశ్వతమని కూడా అనుకోకు. 2001లో మొదలైన బిగ్ బజార్ దేశమంతా పాకింది, 2022 వచ్చేసరికి ఆ బోర్డులు దిగిపోయాయి. బోర్డు పోయినా నీ చేతిలో పని ఉండాలి. ఏ నేతకి ఏ నీరు పడుతుంది, ఏ జరీ నల్లబడుతుంది, మనిషి మొహం చూసి ఎంతలో చూపించాలి, ఇవన్నీ నేర్చుకో. అవి జీతంలోంచి ఎవరూ కోయలేరు.

చాలు, చాలా చెప్పాను. కాళ్ళు తుడుచుకో. ఆదివారం నాడు జీతం చీటీలు, ఆ పీఎఫ్ నంబరు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. నీతో పనిచేసే ఆ సామర్లకోట పిల్లని కూడా తీసుకురా.

ఇంక లోపలికి వెళ్ళమ్మా. మీ అమ్మ ఇంకా తినలేదు.